పన్ను బిల్లు నుంచి 1816 ఒప్పందం దాకా: షికాగోలో మీ స్థలం పుట్టుపూర్వోత్తరాలు తీయడం ఎలా

షికాగో డెవాన్ అవెన్యూలో గోంగూర కట్టలు కొనుక్కుని కారెక్కే చోటికి ముప్పావు మైలు ఉత్తరాన ఇండియన్ బౌండరీ పార్క్ ఉంది. చుట్టూ మన షాపులున్నాయి కాబట్టి ఆ పేరు పెట్టారనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఇండియన్లు మనం కాదు. 1816లో పొటవాటమి, ఒడావా, ఒజిబ్వే జాతులతో అమెరికా ప్రభుత్వం చేసుకున్న ఒప్పందంలో గీసిన సరిహద్దు గీత ఆ పార్కు మీదుగా ఐమూలగా పోతుంది. గీతకి దక్షిణాన ఉన్న ఇల్లు ఒక ఒప్పందం కిందకి వస్తుంది, ఉత్తరాన ఉన్న ఇల్లు ఇంకో ఒప్పందం కిందకి.

ఊళ్లో ఎకరం కొనాలంటే ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ వరసపెట్టి చూసుకుంటాం. అమెరికాలో మాత్రం టైటిల్ కంపెనీ చూపించిన చోటల్లా సంతకం పెట్టి తాళాలు తీసుకుంటాం. ఆ కంపెనీ ఎంత వెనక్కి వెతికినా పేటెంట్ దగ్గర ఆగిపోతుంది. పేటెంట్ అంటే ప్రభుత్వం మొట్టమొదటిసారి ఒక ప్రైవేటు మనిషికి రాసిచ్చిన పట్టా. ప్రభుత్వానికి ఆ నేల ఎలా వచ్చిందన్నది దాంట్లో ఉండదు. ఆ ఒక్క మెట్టు కిందికి దిగడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఇల్లున్నవాళ్లకే కాదు, సైట్ అనాలిసిస్ చేసే ఆర్కిటెక్చర్ విద్యార్థులకూ ఇదే దారి. కాగితాలు దొరికితే ఒక పూటలో అయిపోతుంది, ఎక్కడైనా చిక్కుపడితే రెండు రోజులు పట్టొచ్చు.

ఒక మాట ముందే. అమెరికా చరిత్రలో వచ్చే ‘సెటిలర్’ అన్న మాటని హైదరాబాద్ రాజకీయాల్లో వాడే ‘సెటిలర్’తో కలపకండి. ఇక్కడ సెటిలర్ అంటే పాత హక్కుదారుని పంపించేసి, ఆ నేలని తన చట్టంతో కొత్తగా కొలిచి, ముక్కలు చేసి అమ్ముకున్నవాడు. ఆ కొలతే షికాగో వీధుల్లో కనిపించే గళ్లు.

పిన్ నంబరు విప్పడం

కుక్ కౌంటీ ఆస్తిపన్ను బిల్లు మీద 14 అంకెల పిన్ నంబరు (ఆస్తి గుర్తింపు సంఖ్య) ఉంటుంది: రెండు, రెండు, మూడు, మూడు, నాలుగు అంకెల చొప్పున. మొదటి రెండు అంకెలు టౌన్‌షిప్‌ని (సర్వేలో ఆరు మైళ్ల చదరపు గడిని) చెబుతాయి, తర్వాతి రెండు సెక్షన్‌ని (అందులోని మైలు చదరపు గడిని). ఆ తర్వాత వచ్చే మూడంకెల బ్లాకు నంబరులో మొదటి అంకె సెక్షన్‌లో ఏ పావు భాగమో చెబుతుంది: 1 వాయవ్యం, 2 ఈశాన్యం, 3 నైరుతి, 4 ఆగ్నేయం. వాస్తు చూసే ఇంట్లో వాళ్లకి ఇది నోటికి రావడానికి క్షణం పట్టదు.

మొదటి రెండు అంకెల్లో తరచూ కనబడేవి ఇవి: 10 అంటే ఉత్తరం 41వ టౌన్‌షిప్, తూర్పు 13వ రేంజి (రేంజి అంటే టౌన్‌షిప్‌ల నిలువు వరస). 11 అంటే 41, 14. 13 అంటే 40, 13. 14 అంటే 40, 14. 16 అంటే 39, 13. 17 అంటే 39, 14. 20 అంటే 38, 14. రేంజిలన్నీ థర్డ్ ప్రిన్సిపల్ మెరిడియన్ (సర్వేకి ఆధారంగా తీసుకున్న ఉత్తర దక్షిణ గీత) నుంచి లెక్క. ఇల్లినాయిలో రెండో, నాలుగో మెరిడియన్ల నుంచి కొలిచిన ప్రాంతాలు కూడా ఉన్నాయి. తర్వాత ఆన్‌లైన్‌లో పేటెంట్ వెతికేటప్పుడు మెరిడియన్ గడిలో తప్పు ఎంచుకుంటే ఎక్కడో వేరే కౌంటీ పొలం వచ్చి కూర్చుంటుంది.

ఇండియన్ బౌండరీ పార్క్ చుట్టుపక్కల ఇళ్ల పిన్ 10-36-2తో మొదలవుతుంది. అంటే 41వ టౌన్‌షిప్, 13వ రేంజి, 36వ సెక్షన్, ఈశాన్యపు పావు. విల్లిస్ టవర్‌ది 17-16-2.

1785 భూ చట్టం ప్రకారం టౌన్‌షిప్ ఆరు మైళ్ల చదరం, అందులో మైలు చదరపు సెక్షన్లు 36. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. నంబర్లు ఈశాన్య మూల నుంచి మొదలై పడమరకి 1 నుంచి 6 దాకా వెళ్తాయి. అక్కడ నాగలి తిప్పినట్టు తిరిగి, 6 కిందే 7 పెట్టి తూర్పుకి వస్తాయి. ప్రతి వరసా కుడి నుంచే మొదలవుతుందనుకుని 7ని 1 కింద పెట్టుకుంటే అయిదు మైళ్ల తేడా వస్తుంది. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఈ కొలతంతా 66 అడుగుల గంటర్ గొలుసుతో జరిగింది. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. మన ఎఫ్‌ఎంబీల్లో (పొలాల కొలతల పుస్తకాల్లో) లింకులుగా కనిపించేది కూడా ఈ గొలుసే. తెలంగాణ గుంట 33 అడుగుల చదరం, అంటే సగం గొలుసు. ఆ గొలుసు అక్కడా ఇక్కడా నేల మీద పడింది, పని మాత్రం వేరు. ఇక్కడ సర్వే అయిపోయాకే అమ్మకం, అది కూడా చూడని నేలని నంబరు చెప్పి వేలంలో అమ్మడం.

పిన్ చేతిలో లేకపోతే వీధి నంబర్లతోనే పని జరుపుకోవచ్చు. స్టేట్, మాడిసన్ వీధులు కలిసేచోట సున్నా. అక్కడి నుంచి 800 నంబర్లు ఒక మైలు, ప్రతి మైలుకీ ఒక సెక్షన్ గీత. వెస్టర్న్ అవెన్యూ 13, 14 రేంజిల మధ్య గీత. నార్త్ అవెన్యూ 39, 40 టౌన్‌షిప్‌ల మధ్య గీత. దానికి ఆరు మైళ్ల ఉత్తరాన 40, 41ల మధ్య గీత డెవాన్. మన దోసెల వాసన వచ్చే ఆ వీధే ఒక టౌన్‌షిప్ అంచు! ఒక్కచోట జాగ్రత్త. మాడిసన్‌కి దక్షిణాన మొదటి మూడు మైళ్లకి ఈ లెక్క సరిపోదు. మొదటి మైలు 1200 దగ్గర (రూజ్‌వెల్ట్ రోడ్), రెండోది 2200 దగ్గర (సెర్మాక్), మూడోది 3100 దగ్గర పూర్తవుతుంది. ఆ తర్వాత మళ్లీ 800 లెక్కే.

గీతకి ఎటు పక్క?

షికాగో పెద్ద ప్రాంతం ఒక్క ఒప్పందంతో చేతులు మారలేదు. 1833 షికాగో ఒప్పందం పేరు ప్రసిద్ధం కాబట్టి అందరూ అదే రాసేస్తారు. నగరంలో చాలా భాగానికి అది తప్పు.

1795లో గ్రీన్‌విల్ ఒప్పందం షికాగో నది ముఖద్వారం దగ్గర ఆరు మైళ్ల చదరం తీసుకుంది. కోట కట్టుకోవడానికి. 1816 ఆగస్టు 24న సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒప్పందం నది ముఖద్వారానికి పది మైళ్లు ఉత్తరం, పది మైళ్లు దక్షిణం నుంచి నైరుతిగా సాగే పట్టీని తీసుకుంది. మిషిగన్ సరస్సుని ఇల్లినాయి నదితో కలిపే కాలువ కోసం దారి అది. నగరంలో ఎక్కువ భాగం, డెవాన్‌లో మన షాపులున్న ముక్క, లెమాంట్‌లో రాములవారి గుడి ఈ పట్టీలోవే. 1829 జూలై 29న ప్రేరీ డు షీన్‌లో జరిగిన ఒప్పందం ఆ పట్టీకి వాయవ్యంగా రాక్ నది దాకా తీసుకుంది. ఎవాన్‌స్టన్, స్కోకీ, నేపర్‌విల్, బాలాజీ గుడి ఉన్న అరోరా దీనిలోకి వస్తాయి. పట్టీకి దక్షిణపు శివార్లు 1832 అక్టోబరు ఒప్పందంలోవి. బఫలో గ్రోవ్, లేక్ కౌంటీ వైపు మాత్రమే 1833 సెప్టెంబరు 26 నాటి షికాగో ఒప్పందం.

1816 ఉత్తరపు గీతని నేల మీద పట్టుకోవాలంటే సరస్సు దగ్గర రోజర్స్ అవెన్యూతో మొదలుపెట్టండి. తిన్నటి గళ్లని అడ్డంగా కోస్తూ పోయే వీధి అది. మధ్యమధ్య మాయమై సందులుగా, ప్లాట్ల వెనక గోడలుగా మిగులుతుంది. పడమట ఫారెస్ట్ ప్రిజర్వ్ డ్రైవ్‌గా మళ్లీ తేలుతుంది. గీతకి ఇరువైపులా సర్వే వేర్వేరు కాలాల్లో జరిగింది కాబట్టి సెక్షన్ గీతలు అక్కడ ఒకదానికొకటి అతకవు. అతకని చోట మిగిలిన ముక్కల్ని ‘ఫ్రాక్షనల్ సెక్షన్’ అన్నారు. మీ డీడ్‌లోని లీగల్ డిస్క్రిప్షన్ (స్థలం ఎక్కడుందో చెప్పే వివరం) తీసి చదవండి. ‘ఇండియన్ బౌండరీ లైన్‌కి దక్షిణాన’ అనో ‘ఉత్తరాన’ అనో ఉంటే ఇక మ్యాపు అక్కర్లేదు, జవాబు మీ దస్తావేజులోనే ఉంది. క్లోజింగ్ రోజు (కొనుగోలు పూర్తయ్యే రోజు) ఆ వాక్యం మీద సంతకం పెట్టినవాళ్లు చాలామందే ఉంటారు, చదివినవాళ్లు తక్కువ.

మొదటి పట్టా

ఇప్పుడు పేటెంట్. ఫెడరల్ ప్రభుత్వపు జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్‌లో పేరుతో వెతక్కండి, భూమి వివరంతో వెతకండి. రాష్ట్రం, మెరిడియన్, టౌన్‌షిప్, రేంజి, సెక్షన్ ఇస్తే పట్టా ప్రతి, తేదీ, ఎకరాలు వస్తాయి. అప్పట్లో ప్రభుత్వ కనీస ధర ఎకరం డాలరు పావు. ఆ సంఖ్యని పక్కన రాసి ఉంచుకోండి, ఒప్పందం చదివేటప్పుడు పనికొస్తుంది.

వెతికితే ఏమీ రాలేదంటే రికార్డు పోయిందని కాదు. షికాగోలో దానికి నాలుగు కారణాలుంటాయి.

మొదటిది కాలువ. 1827లో కాంగ్రెస్ కాలువకి ఇరువైపులా అయిదు మైళ్ల దాకా సెక్షన్ విడిచి సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చేసింది. షికాగోలో అవి బేసి సంఖ్యలవి. రాష్ట్రం వాటిని అమ్మి కాలువకి డబ్బు పోగేసింది. 1830 ఆగస్టు 4న జేమ్స్ థాంప్సన్ గీసిన తొలి షికాగో పటం ఇలాంటి 9వ సెక్షన్‌లోని ముక్కే. అంటే నగరం పుట్టిందే రియల్ ఎస్టేట్ వెంచర్‌గా. డీడ్‌లో ‘కెనాల్ ట్రస్టీస్ సబ్‌డివిజన్’ అని ఉంటే ఫెడరల్ సైట్‌లో టైమ్ వృథా చేసుకోకుండా ఇల్లినాయి స్టేట్ ఆర్కైవ్స్ వారి పబ్లిక్ డొమైన్ భూ అమ్మకాల డేటాబేస్‌కి వెళ్లండి.

రెండోది బడి భూమి. ప్రతి టౌన్‌షిప్‌లోనూ 16వ సెక్షన్ బడులకి. షికాగోలో అది స్టేట్, హాల్‌స్టెడ్, మాడిసన్, రూజ్‌వెల్ట్ వీధుల మధ్య ఉన్న మైలు చదరం. ఈనాటి డౌన్‌టౌన్ నడిబొడ్డు. 1833 అక్టోబరులో, షికాగో ఒప్పందం మీద సంతకాలై నెల తిరిగేసరికి, దాని 142 బ్లాకుల్లో నాలుగు తప్ప అన్నీ అమ్మేశారు. ఇది కూడా ఆ రాష్ట్ర డేటాబేస్‌లోనే దొరుకుతుంది.

మూడోది వ్యక్తిగత రిజర్వులు. 1829 ఒప్పందం కొందరికి పేరు పెట్టి భూమి విడిచింది: బిల్లీ కాల్డ్‌వెల్‌కి రెండున్నర సెక్షన్లు (ఇప్పటి సాగనాష్, ఎడ్జ్‌బ్రూక్ ప్రాంతం), అలెగ్జాండర్ రాబిన్సన్‌కి డెస్ ప్లెయిన్స్ నది మీద రెండు, ఆర్షాంజ్ విల్మెట్‌కి రెండు. వీటి సరిహద్దులు సెక్షన్ గళ్లని పాటించవు, అందుకే సెక్షన్ నంబరుతో వెతికితే దొరకవు. ‘కాల్డ్‌వెల్స్ రిజర్వ్’ అన్న పేరుతో వెతకాలి. ఈ భూమిని అధ్యక్షుడి అనుమతి లేకుండా అమ్మకూడదన్న షరతు ఒప్పందంలోనే ఉంది. కాబట్టి తొలి అమ్మకం డీడ్ మీద ఆ ఆమోదం ఉందో లేదో చూడాలి. ఏజెన్సీలో 1/70 తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, తేడా కూడా అర్థమవుతుంది. 1/70 కింద గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని ముందు అనుకుని, కాదని అతనే నిరూపించుకోవాలంటుంది చట్టం. ఇక్కడ అధ్యక్షుడి సంతకం ఒకటి పడితే సరిపోయింది.

నాలుగోది సరస్సు. మిషిగన్ అవెన్యూకి తూర్పున గ్రాంట్ పార్క్, దానికి పైన స్ట్రీటర్‌విల్‌లో చాలా భాగం సర్వేనాటికి నీళ్లు. మట్టి పోసి చేసిన నేలకి పేటెంట్ ఉండదు. 1914లో పోకగాన్ పొటవాటమిలు సరిగ్గా ఇదే పాయింటు పట్టుకున్నారు: మేం రాసిచ్చింది ఒడ్డు దాకా, నీళ్లలో పుట్టిన నేలని ఎవరికీ ఇవ్వలేదు అని. 1917లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీకున్నది నివాస హక్కు మాత్రమే, ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయారు కాబట్టి అది కూడా పోయింది అంది. వెళ్లగొట్టినవాళ్లే ‘వదిలేసి వెళ్లారు’ అనడం ఎలాంటి వాదనో పాఠకులకి చెప్పక్కర్లేదు.

పేటెంట్‌కీ 1871కీ మధ్య డీడ్‌లు కౌంటీ ఆఫీసులో దొరకవు. ఆ ఏడాది అక్టోబరు అగ్నిప్రమాదంలో రికార్డులు కాలిపోయాయి. డీడ్‌ల సారాంశాలు రాసిపెట్టుకునే ప్రైవేటు అబ్‌స్ట్రాక్ట్ కంపెనీలు కాపాడుకున్న పుస్తకాలే ఆధారం, వాటికి ఫీజు కట్టాలి. మన పనికి ఆ మధ్య లంకెలు అవసరం లేదు, దాటేయండి.

ఒప్పందాన్ని దస్తావేజులా చదవడం

ఒప్పందాల పూర్తి పాఠాలు కాప్లర్ సంకలనంలో, పటాలు 1899 నాటి చార్లెస్ రాయ్స్ పటాల్లో ఉన్నాయి. రెండూ ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పీఠిక వదిలేసి నాలుగు విషయాలు చూడండి: హద్దులు, ప్రతిఫలం, మిగుల్చుకున్న హక్కులు, సంతకాలు.

ప్రతిఫలంలో మొత్తం సంఖ్య కంటే ఎవరి చేతికి వెళ్లిందన్నది ముఖ్యం. 1816 పట్టీకి ఏటా వెయ్యి డాలర్ల సరుకు, అది కూడా పన్నెండేళ్లే. 1829కి ఏటా 16,000 డాలర్లు ‘ఎప్పటికీ’, దాంతోపాటు ఏటా 50 పీపాల ఉప్పు. 1833లో ఏటా 14,000 చొప్పున ఇరవై ఏళ్లు. కానీ అదే ఒప్పందంలో వర్తకులు తమకి బాకీ ఉన్నారని చెప్పుకున్న సొమ్ముకి 1,50,000 విడిగా తీసిపెట్టారు. వెనక జతచేసిన పేర్ల జాబితా చదవండి. షికాగో వీధుల పేర్లు కొన్ని అక్కడ కనిపిస్తాయి.

ఇక అందరూ దాటేసే వాక్యం. 1816లోనూ, 1829లోనూ ఇచ్చేసిన నేల మీద వేటాడే హక్కు ఆ జాతులకి మిగిలింది (1816లో చేపలు పట్టడం కూడా). అయితే ఆ నేల ‘అమెరికా ప్రభుత్వ ఆస్తిగా ఉన్నంత కాలం’ మాత్రమే. ఇప్పుడు మీరు రాసుకున్న పేటెంట్ తేదీ పక్కన ఇది పెట్టి చూడండి. ఆ రోజు ఎవరో ఒకరికి పట్టా వచ్చింది, ఆ ముక్క మీద వేట హక్కు పోయింది. కాలువ సెక్షన్లలో రాష్ట్రానికి ఇచ్చిన తేదీ చూడాలా, కొనుగోలుదారుకి అమ్మిన తేదీ చూడాలా అన్నది వాదనకి నిలబడే ప్రశ్న. రెండు తేదీలూ రాసిపెట్టండి. మీ స్థలానికి సంబంధించి ఈ పనంతటిలో తేలే అసలు తేదీ ఇదే, ఒప్పందం తేదీ కాదు.

పటం మీద పటం

స్టూడియో షీటులో పెట్టాలంటే 1820, 30ల టౌన్‌షిప్ సర్వే పటాన్ని నేటి పటం మీద కూర్చోబెట్టాలి. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కోఆర్డినేట్ పద్ధతిగా ఈపీఎస్‌జీ 3435 ఎంచుకోండి, ఇది ఇల్లినాయి తూర్పు జోన్, అడుగుల్లో. కంట్రోల్ పాయింట్లుగా (రెండు పటాల్లోనూ కలిపే గుర్తులుగా) సెక్షన్ మూలలే తీసుకోండి: ఆరు నుంచి ఎనిమిది, నాలుగు దిక్కులా పరిచి. పటాన్ని వంచకుండా కూర్చోబెట్టే ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్ పద్ధతి చాలు. పటం ఎక్కడో సరిపోలేదని థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతి వాడితే తప్పుల్ని రబ్బరులా సాగదీసి దాచేస్తుంది. బౌండరీ లైన్‌కి రెండు పక్కల పటాలనీ విడివిడిగా కూర్చోబెట్టండి. కలిపి చేస్తే ఆ అతకని అంచు, మీరు చూపించాల్సిన ముఖ్యమైన విషయమే చెరిగిపోతుంది. ఒడ్డునీ, నదినీ పాయింట్లుగా తీసుకోవద్దు. ఒడ్డు జరిగింది, నది దక్షిణ శాఖని 1920ల చివర్లో తిన్నగా తవ్వారు.

పటం మీద ఐమూల వీధులు కనబడగానే ‘పాత ఇండియన్ బాటలు’ అని రాసేయడం ఇంకో అలవాటు. క్లార్క్, మిల్వాకీ, విన్సెన్స్‌ల విషయంలో అది నిజమే. చిత్తడి నేల మధ్య పాత సరస్సు ఒడ్డుల ఇసుక దిబ్బల మీద పొడిగా ఉన్న దారి పట్టుకుని నడిచిన బాటలవి. రోజర్స్ అవెన్యూ మాత్రం బాట కాదు, సర్వే గీత. ఒకటి నడిచినవాళ్ల పాదాలు వేసింది, ఇంకోటి వాళ్లని ఆపడానికి గీసింది. షీటులో రెండింటికీ వేర్వేరు రంగులివ్వండి.

గోడ మీద ఏం రాయాలి

‘ఈ నేల అనాదిగా ఫలానా తెగలది’ అన్న మూస వాక్యం సభల్లో చదివేస్తున్నారు. మీ స్థలంలో పెట్టే బోర్డు మీద దానికంటే ఇలాంటిది మేలు: “ఈ స్థలం ఉత్తరం 41వ టౌన్‌షిప్, తూర్పు 13వ రేంజి, 36వ సెక్షన్‌లో, ఇండియన్ బౌండరీ లైన్‌కి దక్షిణాన ఉంది. 1816 ఆగస్టు 24 ఒప్పందంతో ఇది అమెరికా చేతికి వచ్చింది. ఫలానా తేదీన తొలి పట్టా ఇచ్చారు, ఆనాటితో దీని మీద పొటవాటమి, ఒడావా, ఒజిబ్వేల వేట హక్కు ముగిసింది.”

‘ఉండేవారు’ అని భూతకాలంలో రాయకండి. పొటవాటమి ప్రభుత్వాలు నేడు కాన్సస్, ఓక్లహోమా, విస్కాన్సిన్, మిషిగన్‌లలో ఉన్నాయి. షికాగోలోనే 1953 నుంచి అమెరికన్ ఇండియన్ సెంటర్ నడుస్తోంది. ప్రాజెక్టులో ఫెడరల్ డబ్బో, అనుమతో ఉంటే 1966 చారిత్రక పరిరక్షణ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఆ జాతులని సంప్రదించాలి. డిజైన్ అయిపోయాక బోర్డు పాఠం పంపి ‘ఒకసారి చూసిపెట్టండి’ అంటే అది సంప్రదింపు కాదు. పునాది ఎక్కడ తవ్వాలో తేలకముందే ఉత్తరం రాయాలి. ఇసుక దిబ్బలు, నది గట్లు ఉన్న స్థలాల్లో ఇది మరీ అవసరం. తవ్వకంలో ఎముకలు బయటపడితే యంత్రం అక్కడికక్కడ ఆపి, ఏదీ కదపకుండా కౌంటీ కరోనర్‌కి చెప్పాలి (కుక్ కౌంటీలో మెడికల్ ఎగ్జామినర్‌కి).

డీకాల్బ్ కౌంటీ వైపు స్థలం చూస్తున్నవాళ్లు మాత్రం ఈ పనంతా కొనకముందే చేసుకోవాలి. 1829 ఒప్పందం షాబెనే అనే పొటవాటమి నాయకుడికి అక్కడ రెండు సెక్షన్లు, అంటే 1,280 ఎకరాలు విడిచింది. ఆయన కాన్సస్‌లోని తనవాళ్లని చూడడానికి వెళ్లినప్పుడు 1849లో ప్రభుత్వం దాన్ని వేలం వేసేసింది. ప్రేరీ బ్యాండ్ పొటవాటమిలు అందులో కొంత తిరిగి కొనుక్కున్నారు, 2024లో 130 ఎకరాలని ఫెడరల్ ప్రభుత్వం ట్రస్టులోకి తీసుకుంది. ఆ 1,280 ఎకరాల లోపల ఇల్లు కొనేటప్పుడు టైటిల్ ఇన్సూరెన్స్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి తీసి, మినహాయింపుల్లో ఈ రిజర్వు మాట ఉందో లేదో క్లోజింగ్‌కి ముందే లాయర్‌తో చదివించుకోండి.